నడిచొస్తే జబ్బు లేనట్టే

వెనకటికి పెదగుట్ట అనే చిన్న సంస్థానాన్ని ఉద్దండరాయలనే రాజు ఏలేవాడు. ఆజ్ఞ మంచిదా చెడ్డదా అన్నది తర్వాత సంగతి, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం మాత్రం తమ వంశంలోనే లేదని ఆయన మీసం దువ్వుకునేవాడు.

ఒక ఏడు వానలు వెనకబట్టగానే ఊళ్ళో విషజ్వరం పుట్టింది. కుమ్మరివీధిలో మొదలై పది రోజుల్లో ఊరంతా పాకింది. రాజు ఏడుగురు వైద్యులతో ఆరోగ్య పరిషత్తు ఏర్పాటు చేసి, ఆస్థాన వైద్యుడు పేరిశాస్త్రిని దానికి పెద్దగా కూర్చోబెట్టాడు. వాళ్ళు మూడు రోజులు తలుపులు బిగించుకుని ఆలోచించి ఒక కట్టడి రాశారు. జ్వరం వచ్చినవాళ్ళు స్వయంగా కోట వాకిలికి రావాలి. పరిషత్తు నాడి చూసి తాటాకు మీద ముద్ర వేస్తుంది. ఆ ఆకు చూపిస్తేనే కషాయం. ఎంతటివారికైనా మినహాయింపు లేదు.

ఊళ్ళో చాటింపు వేసేవాడు ఎల్లమంద. ఆ కట్టడిని వీధివీధినా అరిచి చెప్పింది అతనే.

మంచం దిగలేనివాళ్ళు వాకిలికి రాలేదు, కాబట్టి వాళ్ళకు ఆకు లేదు. పడుతూ లేస్తూ వచ్చినవాళ్ళను చూసి పేరిశాస్త్రి, “ఇంత దూరం నడిచొచ్చావు, నీకు జబ్బేమిటి? ఇంటికి పో” అనేవాడు. సాయంత్రానికి, ఊళ్ళో రోగులు తగ్గిపోయారని రాజుకు కబురు వెళ్ళేది.

ఎల్లమంద అక్క కోటమ్మ కూడా కర్ర పోటేసుకుంటూ వాకిలి దాకా వెళ్ళింది. శాస్త్రి ఆమెనూ పొమ్మన్నాడు. తిరిగొస్తూ మగ్గాలవీధి మలుపులో కూలబడింది. మరి లేవలేదు. ఆమెను మట్టిచేసి వచ్చాక ఎల్లమందకు అన్నం సయించలేదు. ఆ పాడు కట్టడిని తన నోటితోనే చాటాడే అని తన మీద తనకే కోపం. రాసినవాళ్ళ మీద అంతకు పదింతలు కోపం.

వారం తిరక్కుండా రాజుకే ఒళ్ళు వెచ్చబడింది. జనం ఏవేవో అనుకుంటున్నారని, తాను క్షేమమని చాటించడానికి ఎల్లమందను పిలిపించాడు. ఎల్లమంద వెళ్ళేసరికి పేరిశాస్త్రి వెండిగిన్నెలో కషాయం పట్టుకుని మంచం పక్కన వంగి ఉన్నాడు.

“ఏలినవారు క్షేమమనే చాటుతాను ప్రభూ,” అన్నాడు ఎల్లమంద. “కానీ రాజుగారు ఆకు తీసుకున్నారా అని జనం అడుగుతారు. ఏం చెప్పమంటారు?”

శాస్త్రి మండిపడ్డాడు. “ప్రభువులకు ఆకేమిటిరా, తలతిక్కవాడా!”

“ఎంతటివారికైనా మినహాయింపు లేదని రాసింది తమరే కదయ్యా. కింద రాజుగారి ముద్ర కూడా ఉంది. రాజుగారు మాట తప్పారని చాటమంటే అదీ చాటుతాను. నాదేముంది, నోరే కదా.”

రాజు దిగ్గున లేచి కూర్చున్నాడు. “ఉద్దండరాయలు మాట తప్పడమా! పల్లకీ కూడా వద్దు. నడిచే వస్తాను.”

పడకటింటి నుంచి వాకిలికి మూడు ప్రాంగణాలు దాటాలి. మొదటిది రొమ్ము విరుచుకుని దాటాడు. రెండోదాంట్లో స్తంభాలు పట్టుకున్నాడు. మూడోదాంట్లో నాలుగుసార్లు చతికిలబడ్డాడు. వాకిలి చేరగానే ఆకు కోసం పడి ఉన్న రోగుల మధ్యే బండల మీద కూలబడ్డాడు.

శాస్త్రి నాడి చూసి, “జ్వరం బలంగా ఉంది ప్రభూ” అని ముద్ర అందుకున్నాడు.

“ఆగండయ్యా,” అన్నాడు ఎల్లమంద. “ఇంత దూరం నడిచొచ్చారు. ఆయనకు జబ్బేమిటి?”

శాస్త్రి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. జబ్బుందంటే, తాను తరిమేసినవాళ్ళందరికీ జబ్బున్నట్టే. లేదంటే రాజుకు కషాయం లేదు. ముద్రకేసి ఒకసారి, రాజుకేసి ఒకసారి చూశాడు.

ఆ ముఖం చూసి రాజుకు అంత జ్వరంలోనూ నవ్వాగలేదు. “చెప్పవయ్యా శాస్త్రీ, నాకు జబ్బుందా, లేదా?”

భటులూ నవ్వారు. ఎల్లమంద నవ్వలేదు.

“నాకు నవ్వు రావడం లేదు ప్రభూ. మీరు ఇంట్లోంచి వాకిట్లోకి రావడానికి ఇన్నిసార్లు కూర్చున్నారు. మా అక్క ఊరి చివర నుంచి వచ్చింది. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని ఎక్కడా కూర్చోకుండా వచ్చింది. ఈయన పొమ్మన్నారు. పోయింది.”

రాజు నవ్వు ఆగిపోయింది. చుట్టూ పడి ఉన్నవాళ్ళను చూశాడు. పక్కనే ఒక ముసలాయన మూలుగుతూ, పక్కనున్నది రాజని కూడా తెలియక, ఆయన భుజం మీద తల వాల్చాడు. రాజు కదల్లేదు.

“ఆ కట్టడి తప్పు,” అన్నాడు చివరికి. “దాని మీద ముద్ర వేయడం నా తప్పు. రద్దు చేస్తున్నానని ఊరంతా చాటండి. ఇంటింటికీ కషాయం పంపండి.” తర్వాత చేతి బంగారు కడియం తీసి ఎల్లమందకు ఇవ్వబోయాడు.

ఎల్లమంద చెయ్యి చాచలేదు. “కడియం వద్దు దొరా. ఈ చాటింపు మాత్రం నేను వెయ్యను. ఆ కట్టడి రాసినవాళ్ళనే వెయ్యమనండి. కషాయం కుండలు కూడా వాళ్ళనే మొయ్యమనండి.”

రాజు మళ్ళీ నవ్వాడు, ఈసారి మెల్లగా. “విన్నావుగా శాస్త్రీ? గొంతు సవరించుకో. ఎల్లమంద కోరినదే అతనికి బహుమానం.”

ఆ పూటే ఏడుగురు వైద్యులు కషాయం కుండలు మోస్తూ బయల్దేరారు. ముందు పేరిశాస్త్రి, పక్కన ఎల్లమంద. కుమ్మరివీధి మొదట్లో శాస్త్రి, “మేము రాసినది తప్పు” అని గొణిగాడు.

“వినపడలేదయ్యా,” అన్నాడు ఎల్లమంద.

శాస్త్రి గట్టిగా అన్నాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. వీధిలోకి ఎవరూ రాలేదు.

“ఎవరూ రారేమిటి?” అన్నాడు శాస్త్రి.

“వాళ్ళు లేవలేరయ్యా,” అని ఎల్లమంద మొదటి ఇంటి తలుపు తోశాడు. “మీరే లోపలికి రావాలి.”