దస్తగిరి వేసిన గుర్రం

విరూపాక్షయ్య గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా సందేహం అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అదే సందేహాన్ని మొదటిసారి కంటే తక్కువ మాటల్లో ఇంకోసారి అడగమనేవారు. చాలామందికి రెండోసారి అడిగేసరికే సగం జవాబు దొరికేది. సుదర్శనానికి మాత్రం దొరకలేదు.

సుదర్శనం సర్వే ఆఫీసులో నక్షాలు గీసే ఉద్యోగం మానేసి, నలభై ఎనిమిదో ఏట బేతంచెర్ల దగ్గర కొండమీద విరూపాక్షయ్య అయ్యవారు నడిపే చిన్న ఆశ్రమానికి వచ్చిన మనిషి. కొలత తప్పితే ఓర్చుకోలేడు. ఆ సాయంత్రం అతను అడిగింది ఇది.

"అయ్యవారూ, ధ్యానానికి మొదట విష్ణుమూర్తి రూపం పెట్టుకున్నాను. రెండు నెలలు మనసు చక్కగా నిలిచింది. తర్వాత నిలవలేదు. నేను ఊహించుకున్న రూపంలో ఏదో లోపం ఉందేమోనని దక్షిణామూర్తిని పెట్టుకున్నాను. మళ్లీ కొన్నాళ్లు బాగుంది, మళ్లీ పోయింది. ఇప్పుడు ఉత్త దీపం పెట్టుకున్నాను. అదీ జారిపోతోంది. మార్చినప్పుడల్లా కుదురుతుంది, కుదిరినట్టే కుదిరి పోతుంది. నాకేమీ అర్థం కావడం లేదు."

"తక్కువ మాటల్లో అడుగు," అన్నారు అయ్యవారు.

"ఏ రూపం పెట్టుకోవాలి?"

అయ్యవారు కింద ఊళ్లో ఓబులేసు ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పారు. వింటున్న నలుగురిలో నేనొకణ్ణి. ఆయన చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

ఓబులేసు పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పేవాడు. మోతి, చాందిని అని రెండు ఆడగుర్రాలు అతనికి జీవనాధారం. పాత ఇంట్లో ఉన్నన్నాళ్లూ వాటిని వీధి అరుగు పక్కనే కట్టేవాళ్లు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ వాటిని పలకరించేవారు. ఊరి చివర కొత్త ఇల్లు కట్టుకున్నాక, పెరట్లో దూరంగా నాపరాళ్లతో మంచి సాల కట్టించాడు. నాలుగు వైపులా గోడలు, పైన రేకులు. కొత్త ఇంట్లోకి వచ్చిన నెలకే మోతి కడుపునొప్పితో ఒక్క పూటలో చనిపోయింది.

అప్పటినుంచి చాందిని మేత మానేసింది. వేసిన గడ్డి వేసినట్టే ఉండేది. పశువుల డాక్టరు వచ్చి చూసి జబ్బేమీ లేదన్నాడు. "గుర్రం ఒంటరితనాన్ని ఓర్చుకోదు. ఇంకో గుర్రాన్ని తెస్తే మంచిది. ఇప్పట్లో కాదంటావా, కొన్నిచోట్ల గోడకు గుర్రం బొమ్మ పెడతారని విన్నాను. పెట్టి చూడు," అని వెళ్లాడు.

ఓబులేసు ఆ పూటే పటాల కొట్టుకు వెళ్లాడు. గుర్రం బొమ్మల్లో అన్ని రకాలున్నాయని అతనికి అంతవరకూ తెలియదు. ఏడు తెల్లగుర్రాలు పరుగెత్తేది ఒకటి, సముద్రపు నీళ్లలో ఎగిరేది ఒకటి, ముందుకాళ్లు ఎత్తి నిలబడ్డది ఒకటి, పిల్లతో ఉన్న తల్లి ఒకటి. ఏడుంటేనే ఇంటికి కలిసొస్తుందన్నాడు కొట్టతను. వెంట వచ్చిన బావమరిది బజారప్ప, పరుగెత్తే గుర్రాన్ని పెడితే ఉన్నది కూడా పరుగెత్తి పోతుందన్నాడు. ఓబులేసు ఎటూ తేల్చుకోలేక మూడు పటాలు కొనుక్కొచ్చి మూడింటినీ సాలలో తగిలించాడు. చాందిని పటం అద్దాన్ని ఒకసారి వాసన చూసి, మూలకు తిరిగి నిలబడింది.

"పిల్లి అంత గుర్రాన్ని పెడితే దానికేం తెలుస్తాది?" అంది అతని భార్య తిమ్మక్క. "దస్తగిరన్నను పిలిచి మోతి అంత మోతిని ఏయించు."

దస్తగిరి అరవై దాటినవాడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల దుకాణాల బోర్డులన్నీ అతని చేతి రాతే. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిపోయింది. పిలవగానే రంగుల డబ్బాలు సైకిలుకు తగిలించుకుని వచ్చాడు. పని చేసేటప్పుడు ఎవరో ఒకరితో మాట్లాడకపోతే అతనికి చేయి ఆడదు. సాలలో ఇంకెవరూ లేరు కాబట్టి చాందినితోనే మాట్లాడాడు. ఏ ఊళ్లో ఏ సోడా కొట్టుకు ఎంత పెద్ద అక్షరాలు రాశాడో, అందులో ఏ అక్షరం వంకర పోయిందో అన్నీ చెప్పాడు. ఆ సాయంత్రం గోడమీద కనిపించేది బొగ్గుతో గీసిన వీపు, పొట్ట మాత్రమే. చాందిని గడ్డి అందుకుంది.

నాలుగు రోజుల్లో బొమ్మ పూర్తయింది. గోధుమ రంగు ఒళ్లు, నుదుట తెల్లమచ్చ. మోతిని చూసినవాళ్లు ఒక్క క్షణం ఆగిపోయారట. తిమ్మక్క బొమ్మకు హారతి ఇచ్చి కళ్లు తుడుచుకుంది. దస్తగిరికి పంచె పెట్టి పంపించారు.

మూడో రోజుకు చాందిని మళ్లీ మేత మానేసింది.

"కన్ను చూడు బావా," అన్నాడు బజారప్ప. "వాకిలి దిక్కే చూస్తాండాది. యాడికో పోవాలనుకునే గుర్రాన్ని చూస్తే దీనికి దిగులు రాదా?"

దస్తగిరిని పిలిపించారు. అతను రోజంతా కూర్చుని కన్ను సరిదిద్దాడు. చాందిని తిన్నది. రెండు రోజులకు మళ్లీ మానేసింది. ఈసారి తిమ్మక్క, మోతి తోక ఇంకా పొడుగు అంది. దస్తగిరి వచ్చి తోక పెంచాడు. తిన్నది, మళ్లీ మానేసింది. అప్పుడు పురోహితుడు వచ్చి, బొమ్మ ముఖం దక్షిణానికి ఉండటమే అసలు లోపమన్నాడు. గోడకు సున్నం కొట్టి, ఎదుటి గోడమీద మళ్లీ మొదటినుంచి వేశాడు దస్తగిరి. అయిదు రోజులు పట్టింది. ఆ అయిదు రోజులూ చాందిని కడుపునిండా తిన్నది. అతను వెళ్లాక మామూలే.

ఆ ఇంట్లో ఒకరితో ఒకరికి పడకుండా పోయింది. కన్ను మార్చాకే తిన్నదని బజారప్ప అంటాడు. తోక అని తిమ్మక్క అంటుంది. దిక్కు అని పురోహితుడు. ముగ్గురి మాటా నిజమే, తిన్నది కళ్లారా చూశారు కదా. ఓబులేసుకు మాత్రం మతి పోయినట్టయింది. మాఘమాసం పెళ్లిళ్లు దగ్గర పడుతున్నాయి. గుర్రానికి పక్కటెముకలు లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి. అప్పుడు కొండెక్కి అయ్యవారి దగ్గరకు వచ్చాడు.

"సామీ, కన్నా, తోకా, దిక్కా? మీరేదంటే అది ఏయిస్తా."

"నాకు గుర్రాల సంగతి తెలియదు. ఒకసారి వచ్చి చూస్తాను," అన్నారు అయ్యవారు.

ఆయన వెళ్లిన రోజున దస్తగిరి సాలలో ఉన్నాడు. గిట్టల రంగు తేడాగా ఉందని ఎవరో అంటే కబురు పెట్టారు. కానీ దారిలో సైకిలు మీదనుంచి పడి అతని కుడి మణికట్టు వాచిపోయింది. ఎదురు చూస్తుంటారని అలాగే వచ్చాడు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, చేతికి గుడ్డ చుట్టుకుని, పని చేయలేకపోతున్నందుకు చాందినికే సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. రంగుల డబ్బాలు మూతలు తీయకుండానే ఉన్నాయి. చాందిని అతని భుజం పక్కగా తల వంచి గడ్డి నములుతోంది.

ఓబులేసు ముందు గోడవైపు చూశాడు. గిట్టలు చూశాడు, తోక చూశాడు, కన్ను చూశాడు.

"ఈ పొద్దు ఏం మార్చినావన్నా?"

"ఏం మార్చలేదబ్బా. చేయే లేయడం లేదు."

"మరి తింటాండాదే?"

దస్తగిరి గుర్రాన్ని అప్పుడే చూసినట్టు చూశాడు. "అవును, తింటాండాది," అన్నాడు.

ఓబులేసు ఇంకా గోడనే వెతుకుతున్నాడు. వెనకే వచ్చిన తిమ్మక్క గుర్రాన్నీ దస్తగిరినీ మార్చి మార్చి చూసింది. ఇంట్లోకి వెళ్లి, చేటలో బియ్యం తెచ్చుకుని, సాల గడపమీద కూర్చుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. ఆ మర్నాడూ అక్కడే ఏరింది. కూరగాయలూ అక్కడే తరిగింది. వదినతో పోట్లాట వస్తే అదీ అక్కడే పోట్లాడింది. దస్తగిరి చేయి బాగయ్యాక కూడా సాయంత్రాలు టీకి వచ్చి ఆ బకెట్టుమీదే కూర్చునేవాడు. మాఘమాసంలో చాందిని పదకొండు ఊరేగింపులకు వెళ్లింది.

అయ్యవారు అంతటితో ఆపారు.

లెక్క తేలిన మనిషిలా సుదర్శనం ముఖం ఒకసారి విప్పారింది, మళ్లీ ముడుచుకుంది.

"అయితే అయ్యవారూ, కన్నూ తోకా దిక్కూ కాదు, అసలు బొమ్మే అక్కర్లేదన్నమాట. రూపం వదిలేయమంటారా?"

అయ్యవారు లేచి పైపంచె దులుపుకున్నారు.

"బొమ్మ వేయమని పిలవకపోతే," అన్నారు, "దస్తగిరి ఆ సాలలో ఎందుకు కూర్చుంటాడయ్యా?"