తెర తీయని యాత్ర

కుందనగిరి అని ఒకానొక రాజ్యం. దానిని మార్తాండభూపాలుడు పాలించేవాడు. ఆయన మంచివాడే; కోపం వచ్చినా పూట దాటి నిలిచేది కాదు. కాని తనంతటి దేశసంచారి భూమి మీద మరొకడు లేడన్న అభిమానం మాత్రం ఆయనకు మెండు.

తొమ్మిది దేశాలు తిరిగివచ్చిన తరువాత ఆయన 'పథికదీపిక' అనే గ్రంథం రచించాడు. ప్రయాణంలో ఎట్లా మెలగాలి, ఎక్కడ ఏమి భుజించాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. పల్లకి తెర ఎన్నడూ తీయరాదు. తీస్తే దుమ్ము, ఎండ, దృష్టిదోషం మూడూ తగులుతాయి. యాత్రికుని పాదం పరదేశపు నేలను తాకరాదు. పల్లకి తిన్నగా భోజనశాలలోకే వెళ్లాలి. పల్లకి మీద రాజచిహ్నాలు ఉండరాదు. దారి పొడుగునా ప్రభువు గాని పరివారం గాని పాలు, పళ్లు తప్ప మరేమీ ముట్టరాదు. ఇటువంటి నియమాలు నూటపదహారు. పరదేశాల విందులను వర్ణించడానికి నలభై పత్రాలు పట్టాయి. స్వదేశపు భోజనానికి ఒక్క వాక్యం సరిపోయింది: మన రాజ్యంలో బాటసారి తినదగినది ఏదీ లేదు.

ఆ వాక్యం పత్రాల మధ్యనే ఉండిపోతే ఎవరికీ చిక్కు లేకపోయేది. ఒకనాడు సభలో రాజు ఒక శాసనం చదివించాడు. తూర్పు కోటవాకిలి దగ్గరి పూటకూళ్ల ఇంటిని పౌర్ణమిలోగా పడగొట్టి, ఆ స్థలంలో కనకతీర దేశపు వంటవాళ్లతో గొప్ప భోజనశాల నెలకొల్పాలన్నది దాని సారాంశం. తొమ్మిది దేశాలలోకీ కనకతీరం ఆయనకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది.

సభలో తలలన్నీ ఊగాయి. పేర్రాజు తల ఒక్కటే కదలలేదు.

పేర్రాజు ఆ ఆస్థానంలో చమత్కారిగా పేరు పొందినవాడు. మూడేళ్ల కిందట ఆయన భార్య కాలం చేసింది. నాటి నుంచి రెండు పూటలా ఆయన భోజనం ఆ తూర్పు వాకిలి ఇంట్లోనే. ఆ ఇంటిని మాచమ్మ అనే ఇల్లాలు నడిపేది. పేర్రాజును 'అన్నగారూ' అన్నా, ఆకు ముందు కూర్చున్న బాటసారిని మాత్రం వర్తకుడైనా, కూలివాడైనా 'నాయనా' అనే పిలిచేది. కలుపుకోవడం తెలియకపోతే మందలించి నేర్పేది. వరుస చివర ఒక ఆకు ఎప్పుడూ అదనంగా వేసి ఉంచేది. ఆలస్యంగా వచ్చే బాటసారి కోసమని చెప్పేది. ఏడేళ్ల కిందట ఉప్పుబండ్ల వెంట వెళ్లి తిరిగిరాని భర్త కోసమని పేర్రాజుకు తెలుసు. తెలిసినట్లు ఆయన ఎన్నడూ కనబరచలేదు. ఇల్లు పడిపోతే ఆమె బతుకుతెరువు పోతుంది. అంతకంటె పెద్ద మాట మరొకటి ఆయన మనసులో మెదిలింది: ఇల్లే లేకపోతే, వచ్చేవాడు ఎక్కడికి రావాలి?

ఆయన లేచి నిలబడి చేతులు జోడించాడు.

"ప్రభూ, ఆ ఇంట్లో తమరు ఎన్నడైనా భోంచేశారా?"

"తినవలసిన పనేముంది? మాది తొమ్మిది దేశాల రుచి ఎరిగిన నాలుక. ఏ వంట పెట్టినా మొదటి ముద్దకే అది ఏ దేశపు వంటో చెప్పగలం."

"చెప్పలేకపోతే?"

రాజు మీసం సవరించుకుని, చెప్పలేకపోతే పేర్రాజు ఏది కోరినా ఇస్తామన్నాడు. చెప్పగలిగితే అతడేమి చేస్తాడని అడిగాడు.

"ఆ ఇంటి కప్పు మీది మొదటి పెంకు నా చేతులతోనే ఊడదీస్తాను."

పేర్రాజు రెండే షరతులు పెట్టాడు. ఈ యాత్రకు రాజుగారి వంటవాడు వెంట రాకూడదు. తక్కినదంతా పథికదీపికలో ఉన్నట్లే, అక్షరం పొల్లుపోకుండా జరగాలి. రెండవ షరతు వినేసరికి రాజు ముఖం వికసించింది. ఆ గ్రంథాన్ని చివరిదాకా చదవడానికి సిద్ధపడినవాడు ఆస్థానంలో అంతవరకు ఒక్కడూ కనిపించలేదు.

పేర్రాజు ఆ రోజంతా కూర్చుని గ్రంథాన్ని శ్రద్ధగా చదివాడు. తరువాత బోయీల పెద్ద గవరయ్యను పిలిపించి దారి చెప్పాడు. కోట చుట్టూ ఉన్న బాట వెంట రోజుకు ఒక చుట్టు చొప్పున మూడు రోజులు నడవాలి. గవరయ్య తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

"మరి పొలిమేర ఎప్పుడు దాటతాం బాబయ్యా?"

"లోపల కూర్చున్నవారు దాటుతారు. మనం నడుద్దాం."

అక్కడి నుంచి ఆయన మాచమ్మ దగ్గరకు వెళ్లాడు. శాసనం సంగతి ఆమె అప్పటికే విన్నది. గిన్నెలు సర్దుకోవాలా అని మాత్రం అడిగింది. సర్దవద్దని, మూడవ రోజు మధ్యాహ్నం మిక్కిలి ఆకలితో ఒక బాటసారిని తీసుకువస్తానని, రోజూ వండేదే వండమని, అతడు ఎవరని అడగవద్దని ఆయన చెప్పాడు.

"ఆకలితో వచ్చినవాణ్ణి ఎవరని అడగడం నాకెప్పుడు అలవాటు, అన్నగారూ?" అంది మాచమ్మ.

మరునాటి ఉదయం పల్లకి పడమటి వాకిలి గుండా బయలుదేరింది. తెరలు నాలుగు వైపులా బిగించి కట్టారు. పల్లకి పక్కన గాడిద మీద లేఖకుడు ఘంటం పట్టుకుని కూర్చున్నాడు. రాజు లోపల నుంచి యాత్రా విశేషాలు చెబుతుంటే అతడు తాటాకుల మీద రాసుకోవాలి.

మొదటి రోజు పల్లకి కమ్మరివీధి పక్కగా వెళ్లింది. సుత్తి దెబ్బలు విని, ఓడలకు మేకులు కొట్టే రేవుపట్నం చేరుకున్నామని రాజు రాయించాడు. రెండవ రోజు అదే వీధి, అదే కొలిమి. ఈ పట్నం కత్తులకు ప్రసిద్ధమని, దెబ్బలో వాడి తెలుస్తున్నదని రాయించాడు. మూడవ రోజు కమ్మరికి తుమ్ములు పట్టుకుని పని ఆగి ఆగి సాగింది. ఇక్కడి శిల్పులు ఆలోచించి గాని ఉలి వేయరని, మన శిల్పులు నేర్చుకోవలసినది ఇదేనని రాజు చెబుతుండగా లేఖకుడు తాటాకుల వెనుక ముఖం దాచుకున్నాడు. బోయీలు నవ్వు ఆపుకోవడానికి పదం గట్టిగా అందుకున్నారు. ఆ పాటలో పరదేశపు యాస వినబడుతున్నదని కూడా గ్రంథానికెక్కింది.

మధ్యలో ఒకసారి రాజుగారి గజశాల నుంచి ఏనుగు ఘీంకరించింది.

"విన్నావా, పేర్రాజూ? మన ఏనుగులకు ఈ గాంభీర్యం ఎక్కడిది?"

"మన ఏనుగులను ఇంత శ్రద్ధగా ఎవరు విన్నారు, ప్రభూ?" అన్నాడు పేర్రాజు.

పాలతో, పళ్లతోనే మూడవ రోజు వచ్చేసరికి రాజుగారి ఉపన్యాసాలు పలచబడ్డాయి. అరటిపండు అన్న మాట వినబడితే చాలు, లోపల నుంచి నిట్టూర్పు వచ్చేది. నియమం పరివారానికీ ఒకటే కనుక పేర్రాజూ, బోయీలూ కూడా ఆ పళ్లతోనే సరిపెట్టుకుంటున్నారు.

మూడవనాటి మధ్యాహ్నం పల్లకి మాచమ్మ ఇంటి ముందర ఆగి, నియమం ప్రకారం తిన్నగా లోపలికి వెళ్లింది. బండివాళ్లు అప్పటికే తిని వెళ్లిపోయారు. కిటికీలకు తడిపిన వట్టివేళ్ల తడకలు దించి ఉన్నాయి. రాజు దిగే చోట పేర్రాజు పట్టుబట్ట పరిచాడు. వరుసలో చివరి ఆకు ఒక్కటే మిగిలి ఉంది. మాచమ్మ ఒక్క క్షణం ఆ ఆకు వంక చూసింది. తరువాత వంగి దాని మీద నీళ్లు చిలకరించింది. తెరలు తీయని ప్రభువు ముఖం ఆ ఊళ్లో చూసినవారు బహు తక్కువ. ఆమె కంటికి ఆయన పట్టుబట్టలు కట్టిన ఒక అలసిన వర్తకుడు.

"కూర్చో నాయనా. ముఖం వాడిపోయింది."

రాజు లేఖకుని వైపు తిరిగి, ఈ దేశస్థులు మన భాషను ఎంత చక్కగా అభ్యసించారో రాయమన్నాడు.

పాత బియ్యపు అన్నం, ముద్దపప్పు, నూనెలో మగ్గిన వంకాయ కూర, గుమ్మడి వడియాలు వచ్చాయి. ఆకు అంచున గోంగూర పచ్చడి వచ్చింది. గోంగూర సామాన్యుల కూర అని రాజుగారి వంటశాల గుమ్మం దానిని ఎన్నడూ తొక్కనివ్వలేదు. బాదం, కుంకుమపువ్వుల మధ్య పెరిగిన ఆ నాలుక దానిని ఎరుగదు. మొదటి ముద్దకే దేశం పేరు చెబుతానన్న ప్రభువు ఏడవ ముద్ద దాకా నోరు విప్పలేదు. విప్పినా ముద్ద కోసమే విప్పాడు.

ఇంతలో చారు వచ్చింది. ఆయన పచ్చడిని తీసుకుని చారులో కలపబోయాడు. మాచమ్మ చటుక్కున ఆయన ముంజేయి పట్టుకుంది.

"ఆగు నాయనా. చారులో కలిపితే దాని రుచంతా మట్టి అయిపోదూ? వేడన్నంలో నెయ్యి వేసుకుని కలుపు. ఉల్లిపాయ కొరుక్కుంటూ తిను."

పట్టాభిషేకం నాటి నుంచి ఆయన చేయి పట్టుకుని ఆపినవారు లేరు. గుమ్మం దగ్గర గవరయ్య కళ్లు మూసుకున్నాడు. రాజు ఆమె చెప్పినట్లే కలిపి తిన్నాడు, వెంటనే మరొక ముద్ద కలుపుకున్నాడు.

"ఆ పుల్లని ఆకు మన నేల మీద మొలవదు," అన్నాడు లేఖకునితో. "విత్తనాల కోసం ఈ దేశానికి ఒక ఓడ పంపాలి. రాసుకో."

పేర్రాజు ముందుకు వచ్చి, ఇది ఏ దేశమో సెలవివ్వమని కోరాడు.

"కనకతీరం కాదు. దానిని మించినది. దక్షిణ సముద్రానికి ఆవల, మేము ఇంతవరకు చూడని పదవ దేశం. ఇందులో సందేహం లేదు."

పేర్రాజు కిటికీ దగ్గరకు వెళ్లి తడక పైకి చుట్టాడు. ఎదురుగా తూర్పు కోటవాకిలి, దాని మీద కుందనగిరి పతాకం కనబడ్డాయి. ఈటెకు జారబడి ఆవలిస్తున్న కావలివాడు కనబడ్డాడు. వాకిలి ముందు నుంచి రాజుగారి పట్టపుటేనుగు స్నానానికి తీరికగా నడిచిపోతున్నది.

రాజు చాలాసేపు చూశాడు.

"మా ఏనుగు ఇక్కడికి ఎట్లా వచ్చింది?"

"అది ఎక్కడికీ వెళ్లలేదు, ప్రభూ. మనమూ వెళ్లలేదు."

రాజు ముఖం ఎర్రబడింది. ఇది వంచన అని, మూడు రోజులు తనను వీధుల వెంట ఊరేగించారని గర్జించాడు. పేర్రాజు పథికదీపికను రెండు చేతులా పట్టుకుని ఆయన ముందు మోకరిల్లాడు.

"నూటపదహారు నియమాలలో ఒక్కటి తప్పినా నా తల తమ పాదాల దగ్గర ఉంది. తొమ్మిది దేశాలకూ తమరు ఇట్లాగే వెళ్లారు, ఇట్లాగే తిరిగివచ్చారు. తేడా ఒక్కటే. ఈసారి చివర్లో తెర తీశాము."

రాజు ఆకు ముందు నుంచి లేవబోయాడు. అప్పుడే పెరుగు గిన్నెతో వంటింట్లో నుంచి వస్తున్న మాచమ్మకు ఆయన ఎవరో అర్థమయింది. ఆమె గుమ్మంలోనే ఆగింది. కాని ఇన్నేళ్ల అలవాటు ఆ భయం కంటె గట్టిది.

"మహారాజువైతే మాత్రం పెరుగన్నం తినకుండా లేస్తావా నాయనా? ఇల్లు పడగొట్టేదాకా అయినా ఇది నా ఇల్లే. నా ఇంట్లో సగం ఆకలితో ఎవరూ లేవలేదు."

రాజు సగం లేచినవాడు లేచినట్లే ఆగాడు. ఆమె వంక, గిన్నె వంక చూశాడు. మెల్లగా మళ్లీ కూర్చున్నాడు. మాచమ్మ పెరుగు వడ్డించింది. అప్పుడు లేఖకుడు గొంతు సవరించుకుని, గోంగూర కోసం ఓడ పంపాలన్న మాటను ఉంచాలా, కొట్టివేయాలా అని అడిగాడు. ఓడ ఎందుకని, పెరట్లోనే రెండు మళ్ల గోంగూర ఉందని, కావలసినంత కోసుకు వెళ్లమని మాచమ్మ ఆశ్చర్యపడుతూ చెప్పింది.

ముందు రాజుగారి భుజాలు కదిలాయి. తరువాత పొట్ట కదిలింది. ఆ మీదట ఆయన నవ్విన నవ్వుకు కోటవాకిలి దగ్గరి కావలివాడు ఆవలింత మాని నిటారుగా నిలబడ్డాడు. కమ్మరి తుమ్ములను తలచుకుని ఒకసారి, బోయీల పరదేశపు యాసను తలచుకుని ఒకసారి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

నవ్వు తగ్గిన తరువాత ఆయన లేఖకుని చేత మూడు మాటలు రాయించాడు. పూటకూళ్ల ఇంటిని గురించిన శాసనం రద్దయింది. తూర్పు వాకిలి దగ్గర ఆ ఇల్లు మాచమ్మకూ, ఆమె తరువాత ఆమె చెప్పినవారికీ శాశ్వతం. వచ్చే నెలలో కనకతీరానికి కొత్తగా ప్రయాణం. గుర్రాల మీద, ముఖానికి గాలి తగిలేటట్లు. మాచమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఇంకొక గరిటెడు పెరుగు ఆయన ఆకులో వేసింది.

అప్పుడు రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి పేర్రాజు మెడలో వేశాడు.

"ఇది మేము ఇచ్చినది. నీవు కోరవలసినది ఇంకా మిగిలే ఉంది. పేర్రాజూ, ఇప్పుడు నీ కోసం ఏదైనా కోరుకో."

పేర్రాజు బోయీల వంక చూశాడు. పన్నెండు మంది గుమ్మంలో నిలబడి వంటింటి వైపే చూస్తున్నారు.

"నూటపదహారు నియమాలు పాటిస్తూ మూడు రోజులయింది, ప్రభూ. మా ఎవరికీ ఇంకా భోజనం కాలేదు."

రాజు మళ్లీ పకపక నవ్వి, పట్టుబట్ట పక్కకు తోసి, వట్టి నేల మీదికి జరిగి పేర్రాజుకు చోటిచ్చాడు. మాచమ్మ వరుసగా ఆకులు వేసింది. మార్తాండభూపాలుడు ఆమె చేతిలోని గోంగూర గిన్నె అందుకుని, చమత్కారి ఆకులో మొదటి వడ్డన తానే చేశాడు.

"ముందు నెయ్యి వేసుకో," అన్నాడు. "చారులో మాత్రం కలపకు."