దీప్తవ్రతుడు కట్టిన స్వేదకుటి

పూర్వం, మనుష్యులు పిలిస్తే దేవతలు పలికే కాలంలో, తమసానదీ తీరాన దీప్తవ్రతుడనే మహర్షి చుట్టూ నాలుగు అగ్నులు రగిల్చి, నడినెత్తిన వెలిగే సూర్యభగవానుణ్ని ఐదో అగ్నిగా భావించి, అగ్నిలోకాన్ని కోరి ఘోరతపస్సు చేస్తుండేవాడు. ఆయన ధర్మపత్ని, సాధ్వీమణి పయస్విని అదే నదిలో కంఠం దాకా నీళ్లలో నిలిచి వరుణదేవుణ్ని ఉపాసిస్తుండేది. వ్రతం ముగిసేదాకా ఆయన అగ్నుల నడుమ నుంచి లేవకూడదు, నీటిని తాకకూడదు. ఆమె నిప్పు దరికి రాకూడదు. అందువల్ల ఆ పుణ్యదంపతులకు ఏళ్ల తరబడి ఒకరినొకరు దూరం నుంచి చూసుకోవడమే కాపురమైంది.

ఒక ఏడు తొలకరి చినుకులు కాలిన రాళ్ల మీద పడి చుయ్యిమన్నాయి. ఆ ఆవిరి సోకి మహర్షి మోకాళ్ల నొప్పి ఇట్టే వదిలింది. హాయిగా ఒక్క క్షణం కళ్లు మూసుకున్న ఆ మహానుభావుడు వెంటనే తేరుకుని, సుఖపడ్డందుకు ప్రాయశ్చిత్తంగా ఉపవాసం చేశాడు. నియమమంటే ఆయనకు అంత పట్టుదల.

చివరకు పూర్ణాహుతి జరగవలసిన రోజు వచ్చింది. ఆ ఉదయమే మాఘమాసపు చలికి పయస్విని శరీరం కొయ్యబారిపోయింది. తోటి ఋషిపత్నులు ఆమెను ఒడ్డుకు చేర్చి, దర్భలపై పడుకోబెట్టి, నియమం పోయినా ప్రాణం దక్కితే చాలని పక్కన నెగడు వేశారు. చర్మం వేడెక్కింది గానీ లోపలి చలి వదల్లేదు.

"స్వామీ, ప్రాణం గొంతులోకి వచ్చింది. ఇక మా చేతుల్లో లేదు" అన్నారు వారు.

దీప్తవ్రతుడి గుండె చెరువైంది. సాయంత్రం దాకా కదలకుంటే అగ్నిలోకం దక్కుతుంది. లేస్తే ఇన్నేళ్ల తపస్సూ బూడిదలో పోసినట్టే. మోకాళ్లకు సోకిన ఆనాటి ఆవిరి ఆయనకు గుర్తొచ్చింది. లేచి నిలబడ్డాడు.

"లేవకండి స్వామీ" అంది పయస్విని, పెదవులు వణుకుతుండగా. "నా కోసం చేతికందిన ఫలాన్ని జారవిడుచుకోకండి."

"నీవు లేని లోకంలో నాకేం పని పయస్వినీ? అక్కడ నన్ను కసురుకునేదెవరు? నా వ్రతం నేను విడిచాను. నీ కమండలంలోని జలమిచ్చి నీ వ్రతం నీవు విడువు."

ఆమె కళ్లతోనే సరేనంది. మహర్షి వెదురుకొమ్మలు వంచి నాటి, జింకచర్మాలూ నారచీరలూ కప్పి కుటి కట్టి, ఎర్రగా కాలిన రాళ్లను లోపలికి దొర్లించి, భార్యను ఎత్తుకుని చీకటిలోకి ప్రవేశించి, రాళ్లపై జలం చిలకరించాడు. కుటి నిండా ఆవిరి కమ్ముకుంది. అగ్నిస్తుతి చేశాడు. నీటికీ మర్యాద చేయాలి కదా అని వరుణస్తుతి మొదలుపెట్టాడు. ఏళ్లుగా నది వైపు నుంచి వినపడుతున్నదే అయినా ఏనాడూ చెవి ఒగ్గలేదేమో, నాలుగు మాటలకే ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే ఆగాడు.

"పాశహస్తాయ" అని తర్వాతి మాట చీకట్లోంచి సన్నగా వినిపించింది.

ఆయన ఆమె నుదురు తడిమాడు. చెమట. అన్నీ జయించాననుకున్న ఆ తపోధనుడు పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

వారు బయటికి వచ్చేసరికి హవ్యవాహనుడైన అగ్నిదేవుడు, మకరవాహనుడైన వరుణదేవుడు పక్కపక్కనే నిలిచి ఉన్నారు.

"మహర్షీ, నియమం నియమమే. అగ్నిలోకం నీకు లేదు" అన్నాడు అగ్ని.

"అమ్మా, నీకు నా లోకమూ లేదు" అన్నాడు వరుణుడు. "అయినా ఒకరినొకరం హరించుకునే మమ్మల్ని ఒక్కచోట కూర్చోబెట్టారు. వరం కోరుకోండి."

"దేవతలారా, ఏ దేశంలోనైనా, మంచుకొండల ఆవలైనా, సముద్రాల అవతలైనా, ఏ పేరుతో ఏ దైవాన్ని పిలిచేవారైనా, ఇలాంటి కుటిలో భక్తితో కూర్చుంటే వారి ఒంటి బాధా మనసులోని మాలిన్యమూ చెమటగా జారిపోవాలి" అని ప్రార్థించింది పయస్విని.

"తథాస్తు. మరి నీకేం కావాలయ్యా?" అని అగ్నిదేవుడు మహర్షిని అడిగాడు.

దీప్తవ్రతుడు భార్య వైపు చూసి, "ఇల్లు కావాలి స్వామీ. ఆమె నీళ్లు తెస్తే నేను పొయ్యి వెలిగిస్తాను" అన్నాడు.

దేవతలిద్దరూ తథాస్తు అన్నారు. ఆనాటి నుంచి ఆ తీరాన దంపతులను వేరుచేసే వ్రతం లేకుండా పోయింది. భక్తితో ఈ కథ విన్నవారు, అలిగి ఎడమొహం పెడమొహంగా ఉన్నా, ఆ పూటే మాట కలుపుతారు.