మోగని తమ్మపడిగ

ఒకానొక రాజ్యంలో కళాకారులు రాజుగారి కత్తి కంటే ఆయన తమ్మపడిగకే ఎక్కువ భయపడేవారు. తమ్మపడిగంటే మరేం లేదు, తాంబూలం నమిలి ఉమ్మే ఇత్తడి పాత్ర.

రాజు మార్తాండరాయలకు తనంతటి రసజ్ఞుడు భూమ్మీద లేడని గట్టి నమ్మకం. ఎవరు ఆడినా, ఎవరు పాడినా దవడ ఆడిస్తూనే చూసేవాడు. తప్పు తోచిందా, ఖంగుమని మోగేలా తమ్మపడిగలో ఉమ్మేవాడు. ఇక ఆ కళాకారుడు గజ్జెలు విప్పి అక్కడే పెట్టి పోవాలి. మళ్ళీ వేషం కట్టకూడదు. ఎంత మంచివాళ్ళు అలా కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళారో! ఆ దవడకు జాలి లేదు.

ఓబళయ్య ఊరూరా పాటల నాటకాలాడేవాడు. యాభై దాటినా ఆడవేషం కడితే జనం ఆ మనిషిని మరిచిపోయి, కళ్ళ ముందున్న తల్లినే చూసేవారు. ఆ పేరు కోటదాకా పాకింది.

"జనం ఏడ్చారట! జనానికేం, ఉల్లిపాయ తరిగినా ఏడుస్తారు. రేపు సభలో ఆడించండి, నేను తేలుస్తాను" అన్నాడు రాయలు.

కబురందగానే ఓబళయ్య, కొలువులో చమత్కారిగా పేరున్న కొండుభట్టు ఇంటికి పరుగెత్తాడు.

"అయ్యా, నాకు ఈ వేషం తప్ప మరో బతుకు తెలియదు. గజ్జెలు విప్పమంటే నేను లేనట్టే!"

"నీ పాట నువ్వు పాడు ఓబళయ్యా. తమ్మపడిగ సంగతి నాకొదిలెయ్" అన్నాడు భట్టు.

మర్నాడు నిండు సభలో భట్టు తాంబూలం పళ్ళెం తానే పట్టుకుని రాజు పక్కన నిలబడ్డాడు.

"ప్రభూ, చిన్న సందేహం. తప్పు జరిగిందని మా బోటివాళ్ళకు తెలిసేదెలా?"

"తమ్మపడిగ మోగుతుందిగా!"

"ఒకవేళ మోగకపోతే?"

రాయలు మీసం దువ్వాడు. "మోగకపోతే తప్పు లేనట్టే. అలాంటివాడు పుట్టి ఉంటే నా చేత్తో తాంబూలమిచ్చి పంపుతాను."

ఆ మాట సభంతా విన్నది. భట్టు తమలపాకుల చిలక ఒకటి చుట్టి రాజుగారి చేతిలో పెట్టాడు. తెర తీశారు.

అది కొడుకుని యుద్ధానికి పంపిన రాణి కథ. పిల్లవాడు తిరిగొస్తున్నాడని రాణి పాడుతూ వంటకాలు సర్దుతోంది. ఇంతలో వార్తాహరుడు వచ్చి తలవంచుకు నిలబడ్డాడు. ఓబళయ్య పాట చరణం మధ్యలో ఆగిపోయింది. ఏడవలేదు, రొమ్ము బాదుకోలేదు. మెల్లగా కూర్చుని, కొడుకు కోసం విస్తరి వేసి, దాని ముడతలు అరచేత్తో సవరించాడు. అప్పుడు మిగిలిన చరణం అందుకున్నాడు. పై స్థాయిలో గొంతు సన్నగా చీలింది. సభలో గాజుల చప్పుడు కూడా లేదు.

తెర పడింది. కాసేపటికి రాయలు తెప్పరిల్లి గొంతు సవరించుకున్నాడు.

"పై స్థాయిలో గొంతు చీలింది. పాట మధ్యలో ఆపాడు. గజ్జెలు విప్పమనండి!"

ఓబళయ్య గజ్జెలు విప్పడానికి వంగాడు.

"ఆగవయ్యా!" అంటూ భట్టు తమ్మపడిగ ఎత్తి సభకు చూపాడు. "ప్రభూ, పొద్దున తోమినప్పుడు ఎలా ఉందో అలాగే మెరుస్తోంది."

రాయలు తడబడ్డాడు. "నువ్వు... నువ్వు తాంబూలమివ్వడం మరిచావు!"

"ఇచ్చాను ప్రభూ. ఏలినవారు గుప్పిట విప్పండి."

రాయలు విప్పాడు. చిలక నలిగి ముద్దయింది. అరచేయంతా సున్నం, వక్కపొడి.

"తప్పులు రెండు చెప్పారు. నోట్లో పెట్టుకోవడమే మరిచేంతగా ఏం చూశారో అది మాత్రం చెప్పలేదు" అన్నాడు భట్టు నెమ్మదిగా.

రాయలు అరచేతిలోని ముద్దను చూసుకున్నాడు.

"విస్తరి వేశాడు చూడు... అక్కడ" అన్నాడు. "అక్కడ పాట ఆపకపోతే మనిషి కాడు. ఆ తర్వాత గొంతు చీలకపోతే తల్లి కాదు. ఇంతకాలం తప్పులు వెతుక్కుంటూ నాటకం చూడ్డమే మానేశాను కదయ్యా!"

అని తన మీద తానే పకపకా నవ్వాడు. సింహాసనం దిగి వచ్చి ఓబళయ్యకు తన చేత్తో తాంబూలం, పట్టుశాలువా ఇచ్చాడు.

"భట్టూ, నీకేం కావాలి?"

"ఈ తమ్మపడిగ ఇప్పించండి ప్రభూ. మా పెరట్లో తమలపాకు తీగకు కుండీ లేదు."

రాయలు మళ్ళీ నవ్వి ఇచ్చేశాడు. ఆ తర్వాత ఆ సభలో ఎవరూ గజ్జెలు విప్పి పెట్టి వెళ్ళలేదు.