రేవు బండ మీది మొసలి

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ విహారంలో సుమనుడనే యువ భిక్షువుకు బొమ్మలు వేయడంలో మంచి పేరుండేది. ఆ వేసవిలో ఆ పేరే అతన్ని కాల్చుకు తింది.

విహారం కింది రేవులోకి ఎక్కడి నుంచో మొసలి ఒకటి వచ్చి చేరింది. ఊళ్ళో చదువొచ్చినవాళ్ళు తక్కువ. అందుకని నీళ్ళ అంచున నిలబడ్డ పెద్ద బండ మీద హెచ్చరికగా మొసలి బొమ్మ వేయమని గురువు సంఘనంది సుమనుడికి చెప్పాడు. సుమనుడు తిండీ నిద్రా మరిచి వేశాడు. పొలుసు పొలుసుకూ నీడ దిద్దాడు. పళ్ళకు సున్నపు తెలుపు, నోటికి జేగురు ఎరుపు. పొరుగూళ్ళ జనం కూడా వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు.

ఒక ఉదయం గంగి అనే గొల్లామెను ఆ రేవులోనే మొసలి పట్టింది. తోటివాళ్ళు కర్రలతో బాది విడిపించారు గానీ పిక్క చీరుకుపోయింది. విహారానికి మోసుకొచ్చారు.

ఆమె కాలికి కట్టు కడుతూ గురువు అడిగాడు. "బండ మీద బొమ్మ చూడలేదా, తల్లీ?"

"ఎందుకు చూళ్ళేదు సామీ! అది చూద్దామనే గదా నీళ్ళలో దిగింది. అంత చక్కటి పొలుసులు గట్టు మీంచి సరిగ్గా ఆనలేదు."

పక్కన నిలబడ్డ సుమనుడు చేతిలోని నీళ్ళకుండ కింద పెట్టేశాడు.

ఆమె నిద్రపోయాక అతను గురువు దగ్గరికి వెళ్ళాడు. "భంతే, నాదే తప్పు. ఇంకా భయంకరంగా వేయాల్సింది. నోట్లో మనిషి కాలు వేస్తాను. నెత్తురు కారుతున్నట్టు వేస్తాను."

"పద," అన్నాడు సంఘనంది.

రేవు చేరాక ఆ ముసలాయన గట్టు మీంచే ఒంగి, తడిగుడ్డతో బండను రుద్దడం మొదలుపెట్టాడు. పొలుసులు పోయాయి. పళ్ళు పోయాయి. బండ బోసిగా మిగిలాక, గురువు బొగ్గుముక్క తీసి అడ్డంగా ఒక్క గీత గీశాడు. గీతకు పైన పక్కపక్కనే రెండు బుడిపెలు. వాటిలో రెండు కళ్ళు. అంతే, చేతులు దులుపుకున్నాడు.

"మరి మొసలేదీ, భంతే?"

ఇద్దరూ కాస్త ఎగువన నీడలో కూర్చున్నారు.

కొంతసేపటికి కావడి భుజాన వేసుకుని ఎవరో పరాయి ఊరి కుండలవాడు వచ్చాడు. కావడి దించి, ముఖం కడుక్కుందామని రేవుకేసి నడిచాడు. బండ మీద చూపు పడగానే ఉన్నట్టుండి ఆగిపోయాడు. నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా, వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ గట్టెక్కాడు.

"సామీ, ఇక్కడ మొసలుందా?"

"ఉంది నాయనా. పైరేవులో దిగు."

"బతికించారు. అబ్బో, ఎంత పెద్దదండీ! ఆ తోకతో ఒక్కటిచ్చిందంటే పడవైనా తిరగబడుతుంది." గబగబా కావడి ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

సుమనుడు బండకేసి చూశాడు. గురువుకేసి చూశాడు.

"ఆ తోక నేను వేయలేదు," అన్నాడు సంఘనంది.