నడవలో పద్మాలు

గురుశాంతయ్య స్వామి ఇంటి నడవ ఎంత ఇరుకంటే, ఎదురెదురుగా వచ్చిన ఇద్దరిలో ఒకరు బల్లిలా గోడకు అతుక్కుంటే గానీ రెండోవారు కదలలేరు. ఆదోని పాతపేటలో ఇళ్లన్నీ అంతే. పైన బండల మిద్దె, పొడుగాటివాడు తల వంచుకోవలసినంత కింద. స్వామిని చూడవచ్చినవాళ్లు ఆ నడవలోనే నిలబడి తమ వంతు కోసం కాచుకునేవారు. మోకాళ్ల నొప్పుల ఈరమ్మ కూడా నిలబడేది. కింద కూర్చుంటే దాటుకుపోయేవాళ్ల కాళ్లు తగులుతాయి.

శిష్యుడు పంపాపతి అది చూడలేకపోయాడు. అతను పత్తి మిల్లులో గుమాస్తా. వడ్రంగం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, తనకు తనే నేర్చుకున్నాడు. ఆ సంగతి అతను చెప్పకముందే అతని వేళ్ల కట్లు చెప్పేవి. మొదటిసారి చేసిన పీట మీద కూర్చోమంటే భార్య కూర్చోలేదు, ఉప్పుజాడీ పెట్టింది. జాడీ కూడా కొన్నాళ్లు ఓర్చుకుని పక్కకు ఒరిగింది. ఈ కథ అతనే అందరికీ చెప్పి నవ్వించేవాడు.

స్వామి నడవకు చేసిన బల్లలు మాత్రం ఒరిగేవి కావు. గోడకు బందులు వేసి బిగించిన పలకలు. దించితే కూర్చోవచ్చు. పైకెత్తి కొక్కెం తగిలిస్తే గోడకు ఆనుకుపోతాయి, దారికి అడ్డు రావు. ఎత్తినప్పుడు అడుగు వైపు బోసిగా కనబడుతుందని ఆ వైపున పద్మాలు చెక్కాడు. అతికించినవి కావు. మందపాటి టేకు పలకలోంచే లేపిన పద్మాలు, ఒక్కోటీ పిడికిలంత ఎత్తు. అవి జనం కంట పడాలని, మనుషులు కూర్చోవలసిన వేళ కూడా ఒక బల్లను ఎత్తే ఉంచేవాడు.

"పువ్వులు బాగుండాయి నాయనా," అనింది ఈరమ్మ. "ఇంక దించితే కూర్చుంటా."

పంపాపతి నవ్వి దించాడు.

స్వామి ఒక్క మెప్పు మాట అంటాడేమోనని కూడా ఎదురుచూశాడు. స్వామి పద్మాన్ని చూశాడు, శిష్యుడి వేలికున్న కట్టు చూశాడు. "పసుపు పెట్టుకో," అన్నాడు. అంతే.

ఆ ఏడు వానాకాలంలో స్వామి మంచం పట్టాడు. తిండి తగ్గింది. చూడవచ్చేవాళ్లు పెరిగారు. పంపాపతి మిల్లుకు సెలవు పెట్టి నడవలోనే ఉండిపోయాడు. స్వామికి నయమైపోతుందని, అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు.

ఒక ఉదయం పెద్ద శిష్యుడు బసన్న వచ్చాడు. బల్లలన్నీ ఎత్తించి, నడవ వెడల్పును చేత్తో కొలవబోయాడు. పద్మం మొన దగ్గర చెయ్యి ఆగింది.

"బాగనే చేసినావు గానీ, ఏమప్పా పంపాపతీ, రేపు స్వామిని ఇందులోంచి ఎట్లా బయటికి తీసకపోతావు?"

వాళ్ల పరంపరలో గురువు పోతే పడుకోబెట్టి తీసుకుపోరు. పద్మాసనం వేయించి, కుర్చీలో కూర్చోబెట్టి మోస్తారు. సమాధిలో కూడా కూర్చోబెట్టే పూడుస్తారు. ఇది పంపాపతికి తెలియనిది కాదు. బల్లలు చేసేటప్పుడు ఈరమ్మ మోకాలి ఎత్తు కూడా కొలిచినవాడు, పద్మాసనంలో స్వామి మోకాళ్లు ఎంత వెడల్పు వస్తాయో కొలవలేదు. ఆ ఆలోచననే దగ్గరికి రానివ్వలేదు.

"ఆ మాట ఈ ఇంట్లో అనొద్దన్నా."

"నేను అనకుంటే రాకుండా పోతుందా?"

"పోతుంది," అన్నాడు పంపాపతి, చిన్నపిల్లాడిలా.

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. దాని వెనకే మాట.

"పంపాపతీ, కుర్చీ తీసుకురా."

తెచ్చాడు. స్వామి ఇద్దరి భుజాలూ పట్టుకుని మంచం దిగి కుర్చీలో కూర్చున్నాడు. ఒక్కో కాలూ చేత్తో లాక్కుని పద్మాసనం వేశాడు. ఊపిరి అందేదాకా ఆగాడు.

"మొయ్యండి. వాకిలిదాకా."

"ఇప్పుడెందుకు స్వామీ?"

"ఇప్పుడైతే యాడ తగుల్తుందో నేను చెప్పగలను గదా."

నడవలో ఉన్నవాళ్లు వాకిట్లోకి తప్పుకున్నారు. పంపాపతి ముందు, బసన్న వెనక పట్టుకుని ఎత్తారు. స్వామి ఒళ్లు అంత తేలికైపోయిందని పంపాపతికి అప్పటిదాకా తెలియదు.

మొదటి బల్ల దగ్గరే కుర్చీ ఆగింది. స్వామి మోకాలు పద్మానికి ఆనింది. ఇంకొంచెం పైకెత్తితే తల మిద్దె బండకు తగలబోయింది. పక్కకు ఒంచితే ఆయనకు ఊపిరి ఆడలేదు. దించేశారు.

"ఇక్కడ," అన్నాడు స్వామి, మోకాలు తడుముకుంటూ.

పంపాపతి బల్ల అంచు పట్టుకున్నాడు. "బల్లలు పీకేస్తాను స్వామీ. ఇప్పుడే పీకేస్తాను."

"బల్లలెందుకు పీకేది? ఈరమ్మ యాడ కూర్చుంటుంది?"

పంపాపతి బల్ల మీంచి చెయ్యి తీశాడు.

"ఉలి తెచ్చుకో."

"ముందు మిమ్మల్ని లోపల పడుకోబెట్టి..."

"నేనిక్కడే ఉంటా. నా మోకాలు పట్టేదీ లేనిదీ చూసుకుంటా చెక్కు."

పంపాపతి ఉలీ కొయ్యసుత్తీ తెచ్చుకుని, ఆ ఇరుకులోనే గురువు మోకాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఈరమ్మ మెల్లగా లోపలికి వచ్చి, పక్క బల్ల దించుకుని కూర్చుంది. బసన్న కుర్చీ వెనక నిలబడ్డాడు.

మొదటి రేకు మీద ఉలి పెట్టడానికి చాలాసేపు పట్టింది. దాని ఏ గీత ఎటు తిరుగుతుందో అతనికి చూడకుండానే తెలుసు. దెబ్బ వేశాడు. రేకు ఊడి స్వామి ఒళ్లో పడింది. ఆయన దులుపుకోలేదు. మోకాలు ఒకసారి కదిపి చూసి, ఇంకా అన్నట్టు తల ఊపాడు.

రేకు ఊడినకొద్దీ స్వామి పోయే దారి అంత వెడల్పయ్యేది. చెయ్యి ఆడనివ్వనిది అదే. పద్మం నున్నటి పలకగా మారుతుంటే పంపాపతికి కళ్లు కనబడటం మానేశాయి. వేళ్లతో తడుముకుంటూ చెక్కాడు. ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ పద్మంలో ఒకే ఒక్క రేకు మిగిలింది. సుత్తి ఎత్తిన చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. బసన్న ఏదో అనబోతే స్వామి చేత్తో వారించాడు.

"నిదానంగా చెక్కప్పా," అన్నాడు. "నాకేం తొందర లేదు."