పూచికపుల్లంత పూచీ

ఎండలు ముదిరితే ఊటవాగు అడవిలో రెండే చోట్ల తడి మిగిలేది. ఒకటి నక్క నాలుక మీద, రెండోది కాటుక అనే గేదె మడుగులో.

మడుగు పెద్దదేం కాదు. నాలుగు గేదెలు దిగితే ఐదోది ఒడ్డున నిలబడాల్సిందే. కానీ దాని చుట్టూ తుంగ, గరిక మోకాలెత్తు పెరిగేవి. కాటుక అందులో సగమే మేసేది. మిగతా సగం పిల్లల కోసం అలాగే ఉంచేది. దాని దూడలు రెండూ కొండ అవతల పెద్ద మందలో పెరుగుతున్నాయి. ఇక్కడే తన తోక పట్టుకు తిరిగితే ఈ మడుగే లోకమనుకుంటాయని కాటుకే వాటిని అక్కడ చేర్చింది. అయితే వానలు వెనకబడిన ఏడు ఆ మందకు నీళ్ళు చాలవు. అప్పుడు పిల్లలు వచ్చి దిగడానికి ఈ మడుగు ఉండాలి. కాటుక లెక్క అంతే.

దాని వీపు మీద కూర్చునే కొంగ రెండు రోజులకోసారి కొండ దాటి వెళ్ళి కబురు తెచ్చేది.

"చిన్నది తింటోందా తమ్ముడూ?"

"తింటోందక్కా."

"తిన్నది నెమరేస్తోందా, మింగి ఊరుకుంటోందా?"

"నేను కొంగనక్కా. దాని నోట్లో తల పెట్టి చూడలేదు."

"ఈసారి చూడు."

అలా కొంగ కొండ దాటి వెళ్ళిన ఒక పూట చూసుకుని నక్క మడుగు దగ్గరికి వచ్చింది.

"వదినా, పిల్లలు కులాసాయేనా?"

"కులాసాయే. నీకేం పని పడింది?"

"పని కాదు, బాధ. మొన్న కొండ దారిన వచ్చాను. మైళ్ళ కొద్దీ ఒక్క చెట్టు లేదు. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ముదురు పాదాలవాణ్ణి, నాకే ఇలా అయింది. రేపు నీ పిల్లలు ఆ దారినే కదా రావాలి. లేత గిట్టలు."

కాటుక నెమరు ఆగిపోయింది.

నక్క అది చూసి ఒక అడుగు ముందుకు జరిగింది. "ఆ దారి మధ్యలో ఒక పందిరి వేద్దామనుకుంటున్నాను. తాటాకు కప్పు, కింద నీళ్ళ కుండలు. వచ్చేపోయేవాళ్ళు గుప్పెడు గింజలిచ్చి కాసేపు నీడన కూర్చుంటారు. నీ పిల్లల దగ్గర మాత్రం ఒక్క గింజ పుచ్చుకుంటే నా తోక కోయించు."

"మంచి పనే. వెయ్యి మరి."

"వెయ్యడానికి గింజలు కావాలి కదా. చీమలు నలభై పుట్లు అప్పిస్తామన్నాయి. ఎవరైనా పూచీ పడాలట."

"పూచీ అంటే?"

"పేరులోనే ఉందిగా, పూచికపుల్ల. నేను తీర్చకపోతే నువ్వు తీరుస్తావని ఒక మాట. నేను తీర్చకపోవడమేమిటి? మాట వరసకి మాట. బంకమట్టిలో ఒక్క గిట్ట ముద్ర వేస్తే సరి."

ఇద్దరూ చీమల పుట్ట దగ్గరికి వెళ్ళారు. చీమల పెద్దమ్మ తడి మట్టి చదును చేయించి, కాటుక ముఖంలోకి చూసింది.

"దేనికి ముద్ర వేస్తున్నావో తెలుసా అమ్మాయ్? నక్క ఇవ్వకపోతే నీ మడుగు మాది."

కాటుకకు అడగాల్సినవి నాలుగైదు ఉన్నాయి. నక్క పక్కనే నిలబడి ఉంది. దాని ఎదురుగా అడిగితే నమ్మడం లేదని నొచ్చుకుంటుందేమో అనిపించింది. ఆ మొహమాటం ఒక పక్క, లేత గిట్టలు ఒక పక్క.

"తెలుసు పెద్దమ్మా," అని కాలు మోపింది.

కొంగ తిరిగి వచ్చి సంగతి వింది. తరవాత, "నక్క మాటకు తోక ఎంతుంటుందో తెలుసు కదక్కా," అంది.

"పిల్లల దారిలో నీడ అన్నాడు తమ్ముడూ."

"నీడ వేస్తానన్నాడు. ఎవరి మీద నిలబెడతాడో చెప్పలేదు."

మొదటి ఏడు పందిరి బాగా నడిచింది. జింకలు, కుందేళ్ళు వరసకట్టి గింజలిచ్చి కూర్చున్నాయి. నక్కకు కాలు నిలవలేదు. మొదటి పందిరి గుంజలు మట్టిలో పట్టు దొరికించుకోకముందే ఇంకో మూడు పందిళ్ళు మొదలుపెట్టింది. ప్రతి పందిరికీ ఒక విందు. గిజిగాళ్ళ చేత ఆకులు అల్లించుకుని, కూలి అడిగితే, "వచ్చే ఎండలకు," అనేది.

ఎండా వానా కలిసి వస్తే కుక్కకీ నక్కకీ పెళ్ళంటారు. ఆ మరుసటి ఏడు వైశాఖంలోనే వానలు పట్టుకున్నాయి. నక్కకు పెళ్ళి కాలేదు గానీ దివాలా అయింది. చల్లటి వేసవిలో గింజలిచ్చి నీడ కొనేవాళ్ళెవరు?

పాత రోజుల్లో అయితే అప్పులవాళ్ళంతా మీద పడి పీక్కుపోయేవాళ్ళు. ముందొచ్చినవాడికి దూలం, వెనకొచ్చినవాడికి దుమ్ము. నిలిచి ఉన్న పందిరిని నలుగురూ నాలుగు ముక్కలు చేస్తే ఎవరికీ నీడ మిగిలేది కాదు. అది చూడలేక అడవి దర్బారు ఆ మధ్యే కొత్త చట్టం చేసింది. బాకీ తీర్చలేని వ్యాపారం ముందు డప్పు కొట్టిస్తారు. డప్పు మోగాక దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. పాత యజమాని బయటికి నడవాలి, దర్బారు పంపిన మధ్యవర్తి లోపల కూర్చోవాలి. అప్పిచ్చినవాళ్ళు సమావేశమై కొత్త యజమానిని ఎంచుకోవాలి. అంతా ఆరు పున్నముల్లో తేలిపోవాలి.

చట్టం మంచిదే. కాకపోతే ఆరు పున్నముల్లో తేల్చడానికి దర్బారు పంపిన మధ్యవర్తి తాబేలు.

డప్పు మోగిన రోజే నక్క మడుగు దగ్గరికి వచ్చింది. "విన్నావా వదినా? ఇక మన జోలికి ఎవరూ రారు."

"మన అంటే, నా జోలికి కూడానా?"

"ఒకే పందిరి కింద ఉన్నవాళ్ళం. వాన నా మీద పడకపోతే నీ మీద ఎలా పడుతుంది?"

కాటుక ఊపిరి పీల్చుకుంది. కొంగ మాత్రం వీపు మీద స్థిమితంగా కూర్చోలేకపోయింది.

"అక్కా, ఒక్కసారి తాబేలు తాత దగ్గరికి వెళ్దాం. చీమల సమావేశంలో నీ ముద్ర సంగతి ఎత్తుదాం. పందిరి లెక్క తేల్చేటప్పుడే నీ పూచీ కూడా కొట్టేయమనో, తగ్గించమనో అడుగుదాం."

"అక్కడ నా పేరు ఎవరైనా ఎత్తారా?"

"ఇంకా లేదు."

"మరి నేనే వెళ్ళి ఎత్తుకోవడమేమిటి? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు."

"దొంగకు భుజం మీద బూడిదే ఉంది. నీకు బంకమట్టిలో గిట్ట ముద్రే ఉంది."

"అందుకే సిగ్గు తమ్ముడూ. ఇచ్చిన మాట తగ్గించమని నలుగురిలో నిలబడి అడగనా? రేపు ఆ సంగతి పిల్లలకు తెలిస్తే? మాట మీద నిలబడమని కబురు పంపేది నేనే కదా."

కొంగ ఇంకేం అనలేదు. తాను ఆ రోజు గట్టిగా అనాల్సిందని తరవాత చాలా కాలం అనుకుంది.

ఆరు పున్నములు తొమ్మిది అయ్యాయి. చివరికి అడవిపంది వచ్చి, నాలుగు పందిళ్ళకూ కలిపి పది పుట్లు ఇస్తానంది. నలభైకి పది. చీమలు మూడు రోజులు తర్జనభర్జన పడి, ఏమీ రాని దానికన్నా ఇదే నయమని మీసాలెత్తి ఒప్పుకున్నాయి.

"మా కూలి?" అన్నాయి గిజిగాళ్ళు.

"మీరు అప్పిచ్చినవాళ్ళు కాదు, పని చేసినవాళ్ళు. మీసాలెత్తే హక్కు లేదు. మిగిలితే ఇస్తారు," అంది తాబేలు. మిగల్లేదు.

పందిరి పాత బాకీలన్నీ ఆ రోజుతో తుడిచిపెట్టుకుపోయాయి. పంది, కడిగిన పలకలాంటి పందిరిలోకి అడుగుపెట్టింది.

ఆ వారమే చీమలు బారు కట్టి మడుగు వైపు వచ్చాయి. ముందు పెద్దమ్మ, పక్కన తాబేలు.

"కాటుకా, నలభైలో పది వచ్చాయి. ముప్పై నీ పూచీ మీద మిగిలాయి," అంది పెద్దమ్మ.

"డప్పు కొట్టారు కదా," అంది కాటుక. "ఎవరూ ముట్టుకోకూడదు కదా."

తాబేలు మెడ చాచింది. "డప్పు కొట్టింది పందిరికమ్మా. పూచీకి కాదు."

"పందిరి బాకీలన్నీ పోయాయన్నారు."

"పందిరికి పోయాయి. పూచీ పడ్డవాళ్ళ మీద తమ హక్కు తమకే ఉంటుందని చీమలు ఒప్పందంలో ఒక మాట రాయించుకున్నాయి. సమావేశంలో పైకే చదివాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండని మూడుసార్లు అడిగాను."

"నేను అక్కడ లేను."

"లేవు," అంది తాబేలు. ఆ మాట మెల్లగానే అంది.

"వచ్చి అడిగి ఉంటే?"

పెద్దమ్మ మడుగు వైపు చూసింది. "ఏమో. సగం వదులుకునేవాళ్ళమేమో. చీమలకు నీ మంచితనం తెలుసు. కానీ అడగందే అమ్మైనా పెట్టదంటారు. నీ మీద కోపం లేదమ్మాయ్. నా పుట్టలోనూ పిల్లలున్నాయి. ఆ ముప్పై పుట్లూ వాటి వానాకాలం తిండి. మడుగుకు ఎవరు ఎంతిస్తే అంత తీసుకుంటాం. తక్కినది వదిలేస్తాం. నిన్ను మళ్ళీ అడగం."

మడుగు అడిగింది అడవిపందే. బురదంటే దానికి ప్రాణం. పన్నెండు పుట్లకు ఖాయమైంది. రెండో రోజుకే తుంగగడ్డల కోసం ఒడ్డంతా తవ్వి పారేసింది. పిల్లలకని కాటుక మూతి పెట్టకుండా ఉంచిన గరిక వేళ్ళతో సహా లేచిపోయింది.

మరుసటి ఏడు వానలు వెనకబడ్డాయి. కొండ అవతల నీళ్ళు తగ్గాయని కొంగ కబురు తెచ్చింది. దూడలు రెండూ బయలుదేరాయి.

"మడుగు ఎండిపోయిందని చెప్పనా?" అని అడిగింది కొంగ.

"అబద్ధం వద్దు. నేనే ఎదురు వెళ్తాను."

దారి మధ్యలో పందిరి దగ్గర కలిశారు. దూడలు ఎదిగాయి. చిన్నదాని డొక్కలు మాత్రం లోపలికి పోయి ఉన్నాయి. గిట్టలు ఎత్తి ఎత్తి వేస్తున్నాయి. నీడ కనబడగానే రెండూ అటు పరిగెత్తాయి. గుమ్మంలో అడ్డంగా ఒక తోక పడింది.

"తలకు గుప్పెడు గింజలు," అంది నక్క.

కాటుక దాని వైపు చూసింది. "నువ్వా? పాత యజమాని పందిరిలో అడుగు పెట్టకూడదన్నారుగా?"

"యజమానిగా పెట్టకూడదు. నౌకరుగా పెట్టొచ్చు. పంది నన్ను వసూళ్ళకు పెట్టుకుంది. పందిరి సంగతి నాకన్నా తెలిసినవాళ్ళెవరు?"

"నా పిల్లల దగ్గర ఒక్క గింజ పుచ్చుకోనన్నావు. తోక కోయించమన్నావు."

"ఇప్పుడూ నేను పుచ్చుకోవడం లేదు వదినా. పంది పుచ్చుకుంటోంది."

"పూచికపుల్ల అన్నావు."

"పుల్లే," అంది నక్క, పైకప్పు వైపు చూస్తూ. "కాకపోతే పందిరంతా దాని మీదే నిలబెట్టాను."

కాటుక దగ్గర గింజలు లేవు. పెద్ద దూడ తల్లి వైపు, నక్క వైపు మార్చి మార్చి చూసింది.

"పోనీలే అమ్మా. ఇంకెంత దూరం? మన మడుగుకే వెళ్దాం."

"మన మడుగు లేదమ్మా."

"ఎండిపోయిందా?"

"లేదు. నేను గిట్ట వేసి పోగొట్టాను. తెలియనప్పుడు తెలియదని చెప్పలేదు. తెలిశాక వెళ్ళి అడగలేదు. మీ దారిలో నీడ ఉంటుందనుకున్నాను."

దూడకు అంతా అర్థం కాలేదు. అయినా తల ఊపింది.

సూర్యుడు కాస్త పడమటికి ఒరిగాడు. కాటుక పందిరికి నాలుగడుగుల దూరంలో ఎండకు అడ్డంగా తిరిగి నిలబడింది. దాని నీడలో చిన్న దూడ పట్టింది. పెద్దదానికి తల మాత్రమే పట్టింది. కొంగ వీపు మీద నుంచి లేచి, ఆ కాస్త మిగిలిన చోట రెక్కలు చాపి నిలుచుంది. పొద్దు వాలేదాకా ఎవరూ కదల్లేదు.

పూచీ పడేటప్పుడు పూచికపుల్లలాగే ఉంటుంది. పడ్డాకే అది మనింటి దూలమని తెలుస్తుంది.